చారల బట్టను మూలగా తిప్పినప్పుడు

కాస్త దగ్గరికి జరిగి కూర్చోండి, మిషను ఆపేశాను. నా కుట్టుపనిలో జరిగిన ఒక సంగతి చెబుతాను.

2023 చలికాలం. నోయిడాలో మా ఫ్లాటు ముందుగదిలోనే నా కుట్టుమిషను. పై అంతస్తులో ఉండే శ్రీలతకు ఢిల్లీలో సర్కారు ఉద్యోగం. ఆమె మెట్రో దిగి ఇల్లు చేరేదాకా, నాలుగో తరగతి చదివే కూతురు మేఘన నా దగ్గరే ఉండేది. గుండీలు రంగులవారీగా ఏరిపెట్టేది, తెలుగూ హిందీ కలిపి కబుర్లు చెప్పేది.

ఒక సాయంత్రం శ్రీలత లెక్కల పరీక్ష కాగితం పట్టుకొచ్చింది.

"అక్కా, గీతల పాఠంలో అన్నీ తప్పులే. సోమవారం మళ్లీ పెడతారట. ఈసారీ ఇంతే అయితే సాయంత్రాలు ట్యూషన్‌కి పంపించేస్తాను. మీ దగ్గర దీనికి ఆటలెక్కువయ్యాయి."

మేఘన నా కొంగు పట్టుకుని నిలబడింది. నాకూ మనసు చివుక్కుమంది.

మర్నాడు ఆ పాఠం నాకే చెప్పమన్నాను. నేను చదివింది ఐదో తరగతే, ఆ పేర్లు ఎరగను. ఎప్పటికీ కలవనివి ప్యారలల్, ఒకదాన్నొకటి దాటేవి ఇంటర్‌సెక్టింగ్, దాటేచోట చదరం మూల వస్తే పర్పెండిక్యులర్ అని గడగడా అప్పజెప్పింది. తడబాటంతా బొమ్మల దగ్గరే. పక్కపక్కన ఏటవాలుగా ఉన్న రెండు గీతలు చూపించి ఇవేమిటన్నాను.

"యే తో గిర్ గయీ ఆంటీ. పడిపోయినవి ప్యారలల్ ఎలా అవుతాయి?"

మెట్రో పట్టాలు కలవవు కదా అన్నాను. "దూరంగా కలుస్తాయి, నేను చూశాను" అంది. పట్టాల మాట వదిలేసి బల్ల వైపు తిరిగాను.

బల్ల మీద క్రాస్ కటింగ్ జాకెట్టుకు తెచ్చిన చారల బట్ట ఉంది. క్రాస్ కటింగ్ అంటే బట్టను ఏటవాలుగా తిప్పి కత్తిరించడం. అప్పుడు గుడ్డ కొంచెం సాగి ఒంటికి కుదురుతుంది. ముందు తిన్నగా పరిచి, ఈ చారలు కలుస్తాయా అన్నాను.

"నహీ."

మూలగా తిప్పాను. "ఇప్పుడు?"

"గిర్ గయీ."

"నేను తిప్పింది బట్టని. చారల్ని ఎవరు కదిలించారే?"

నమ్మలేదు. టేపు లాక్కుని చారల మధ్య ఎడం ఈ కొసన, ఆ కొసన కొలిచింది. బట్టను ఇంకోవైపు తిప్పి మళ్లీ కొలిచింది. "అచ్ఛా, గ్యాప్ సేమ్ హై" అంది మెల్లగా. ఇక పరీక్ష కాగితాన్నీ తిప్పి తిప్పి చూడడం మొదలుపెట్టింది. మూలలు సరిచూసుకోవడానికి నా ఎల్ స్కేలు ఇచ్చాను.

ఒక బొమ్మలో రెండు గీతలు దగ్గరవుతూ వెళ్లి, కలవకముందే ఆగిపోయాయి. "కలవలేదుగా, ప్యారలలే" అంది. ఎడం కొలవమన్నాను. తేడా వచ్చింది.

"మరి ఎక్కడ కలుస్తాయి? కాగితం అయిపోయింది."

పాత గుడ్డ నేల మీద పరిచి, కిందికి సన్నబడే సల్వారు కాలు గీశాను. ఆ రెండు అంచుల్నీ సుద్దతో పొడిగించమన్నాను. గీతలు గుడ్డ దాటి, మిషను కిందుగా పోయి, గుమ్మం దగ్గర కలిశాయి.

అప్పుడే శ్రీలత తలుపు తోసింది. "నేలంతా ఏంటిది?"

"మమ్మీ, కాలు పెట్టకు. ఇక్కడే కలిశాయి."

తల్లిని కూర్చోబెట్టి మొదటినుంచీ చెప్పింది. పట్టాల సంగతి ఆవిడే తేల్చింది: "దూరమయ్యేకొద్దీ అన్నీ చిన్నగా కనిపిస్తాయి నాన్నా, వాటి మధ్య ఎడం కూడా."

సోమవారం పరీక్షలో ఒక్కటే తప్పు. చదరం మూలతో దాటే గీతల్ని ఇంటర్‌సెక్టింగ్ అని రాసి వదిలేసింది.

"దాటాయిగా ఆంటీ, గలత్ కైసే?"

"తప్పని కాదు బంగారం. జాకెట్టుని బట్ట అన్నట్టుంది. దానికంటూ పేరున్నప్పుడు ఆ పేరే చెప్పాలి."

శ్రీలత కాగితం మడిచి సంచీలో పెట్టుకుంది. "రేపు దీని స్కూలు బస్సు కాస్త ఆలస్యమట అక్కా, చూసుకోండి" అని మాత్రం అంది. ట్యూషన్ ఊసు మళ్లీ రాలేదు.

మాటలు అప్పజెప్పినంత మాత్రాన పిల్లకు పాఠం వచ్చినట్టు కాదని ఆ వారం తెలిసింది. ఏదైనా ఒకే వైపునుంచి చూపిస్తే, అదొక్కటే సరైనదనుకుంటారు. వాళ్ల చేతికిచ్చి తిప్పుకోనివ్వాలి.

మీ ఇంట పిల్లల ప్రశ్నలకు విసుక్కునేవాళ్లు ఉండకూడదు. నేల మీద గీసిన గీతలు తుడిచే ఓపిక మీకెప్పుడూ ఉండాలి. మీ ఇల్లు చల్లగా ఉండాలి.