చివరి వంపుకు ముందు

మా తాత ఎజ్రా అట్లాంటిక్ సముద్రాన్ని న్యూయార్క్ జనానికి గంటల లెక్కన అద్దెకిచ్చిన మొనగాడు. నిజానికి ఆయన న్యూజెర్సీ బీచి రైల్లో కండక్టరు. వేసవిలో పది ఆదివారాల వసూళ్ళతోనే ఆ కంపెనీకి ఏడాది గడిచేది. ఒక ఏడాది తొమ్మిది ఆదివారాలు వానపాలయ్యాయి. పదోదీ పోతే ఇంజను అప్పులవాళ్ళ పాలు.

పదో ఆదివారం ఎండ కాసింది, రైలు కిక్కిరిసింది. చివరి వంపు దాటాకే డబ్బులు వసూలు చేయడం ఆ రైలు ఆనవాయితీ. వంపుకు ముందే పట్టాల మీద ఇసుక మేట వేసి రైలు ఆగిపోయింది.

“సముద్రం కనిపిస్తోందిగా, నడిచిపోతాంలే కండక్టరుగారూ!” అంటూ జనం బుట్టలతో దిగిపోయారు. తాత ఖాళీ తోలుసంచితో చూస్తూ నిలబడ్డాడు. మర్నాడే అప్పులవాళ్ళు వచ్చి ఇంజనుకు గొలుసులు వేశారు.

“దిగేటప్పుడైనా అడగొచ్చుగా తాతా?” అన్నాను, ఏళ్ళ తర్వాత ఆయన ఈ కథ చెప్పినప్పుడు.

“ఒడ్డుకు చేర్చకుండా డబ్బులెలా అడుగుతానురా, వెధవా?”