ముక్కుకు మంచిరోజు

మా ఆయన ప్యో మాన్సిక్ కొరియాలోని సియోల్‌లో ఇళ్ల బ్రోకరు. ఇల్లు మారేవాళ్లకు, కీడు ఏ దిక్కునా తిరగని రోజేదో క్యాలెండరులో చూసి చెప్పనిదే తాళంచెవి ఇవ్వడు. నిరుడు బేరాలు తగ్గాయి. మొహాలు చదివే బాంగ్ గురువు, "ముక్కు రంధ్రాలు బయటికి కనిపిస్తున్నాయయ్యా. అదృష్టం అందులోంచే కారిపోతోంది" అన్నాడు. అంతే, తల నెరిసిన మనిషి ముక్కులో సిలికాన్ పెట్టించుకొచ్చాడు. బేరాలు పెరగలేదు గానీ అద్దం ముందు నిలబడే సేపు పెరిగింది.

వేసవి చివర్లో ముక్కు కొస ఎర్రగా వాచింది. నేను పులుసులో వేసే సోయా ముద్ద తీసి పట్టించాడు. తేనెటీగ కుడితే వాళ్లమ్మ అదే రాసేదట.

"కుట్టింది తేనెటీగ కాదండీ, మీ తిక్క!" అని రెక్క పట్టుకుని ఆసుపత్రికి లాక్కెళ్లాను.

డాక్టరమ్మ చూసి తల పట్టుకుంది. "సిలికాన్ మీద క్రిములు పొరకట్టాయి. ఉత్త మాత్రలతో పోదు. ఇవాళే తీసేసి, లోపల కడిగి, మందులు వాడదాం. చర్మం పలచబడింది. ఆగితే చిల్లు పడుతుంది."

ఆయన జేబులోంచి క్యాలెండరు తీశాడు. "ఇవాళ పడమట కీడుందమ్మా. మీ ఆసుపత్రి మాకు పడమరే. శుక్రవారమైతే దివ్యంగా ఉంది."

"ఇది ఆపరేషనండీ, ఇల్లు మారడం కాదు!" అని మొత్తుకున్నాను.

"లోపలున్నది బయటికి పోతోందా లేదా? ఇల్లు మారడమంటే అదేగా!"

మాత్రలు పుచ్చుకుని ఇంటికొచ్చాడు. క్రిములకు క్యాలెండరు చదవడం రాదు. గురువారం ఓ కొత్త జంటకు ఇల్లు చూపిస్తూ, "గోడలు చూడండి, ఎక్కడా చిన్న పగులైనా లేదు" అంటుండగా ఆ అమ్మాయి కెవ్వుమంది. ముక్కు కొస చిట్లి, తెల్లటి సిలికాన్ మొన బయటికి తొంగిచూస్తోంది.

ఆ పూటే తీసేశారు. దిక్కుల సంగతి ఎవరూ అడగలేదు.

"గాయం మానుతుంది. కానీ చర్మం ముడుచుకుని ముక్కు పైకి లాగేస్తుంది" అంది డాక్టరమ్మ.

"రంధ్రాలు కనిపిస్తాయా?"

"ఇంతకుముందుకన్నా ఎక్కువే. ఆ రోజే తీసుంటే ఇంత అయ్యేది కాదు."

ఆయన కళ్లనీళ్లు కట్టులోకి ఇంకుతున్నాయి. దారి పొడుగునా నోట్లో నానబెట్టుకున్న తిట్లన్నీ మింగేశాను. జాలేసింది. చెయ్యి పట్టుకున్నాను.

ఆయన నావైపు తిరిగి ముక్కుతూ అన్నాడు:

"నువ్వైనా ఒక్క మాట చెప్పకపోయావుటే?"

చెయ్యి వదిలేశాను.