పిందె పట్టేదాకా జయశీల

మదనపల్లె నుంచి కుప్పం పోయే బస్సు పుంగనూరు దాటగానే టైరు పేలి రోడ్డు పక్కన కూలబడింది. డ్రైవరు టైరు వంశాన్ని తిడుతుంటే నేను దిగి పక్క చేలోకి నడిచాను. నిలువెత్తు జనుము, నిండా పసుపు పూలు. అందులో ఒకావిడ కాడ విరిచి, బెరడు ఒలిచి, పంటితో లాగి చూస్తోంది.

"యాల అట్ల సూస్తాండావప్పా? జనుము ఎప్పుడూ సూళ్ళేదా?"

పేరు జయశీల. మిషన్ ఆసుపత్రిలో ముప్పై ఆరేళ్ళు నర్సు. కాన్పుల గదిలో డాక్టర్లను కసిరిన నోరు, రిటైరయ్యాక ఈ అరెకరం మీద పడింది. క్రిస్మస్‌కు ఊరి చర్చి గంటకు ఏటా ఈ జనుము నారతో కొత్త తాడు తనే పేనుతుంది. తాడు అనగానే నాకు మదనపల్లె దగ్గరి గుర్రంకొండ కోట గుర్తొచ్చింది. దాని గురించి నేను చదివిన పుస్తకాల్లో ఫిరంగుల బరువు దాకా ఉంది. వాటిని కొండెక్కించిన మోకుల గురించి ఒక్క వాక్యం లేదు. రాసినవాళ్ళెవరూ తాడు లాగి ఉండరు.

ఆ మాట నేను పైకి అనేసరికి ఆమె తన తాళ్ళ చరిత్ర విప్పింది. ముందటేడు కాయలు ఎండేదాకా ఆగింది. నార బోలెడు వచ్చింది గానీ ఇనుప తీగలా మొరటు. గంట కొట్టే మారప్ప అరచేతులకు తనే కట్లు కట్టింది. నిరుడు, మందిరంలో పంటలు పెట్టే కోతపండగకు కట్టలు కనబడాలని పెద్దలు తొందరపెడితే, పూత మీదే కోసింది. నార కొంచెమే వచ్చింది, కానీ పట్టులా ఉందని అందరూ మెచ్చుకున్నారు. క్రిస్మస్ పొద్దున, ఆ పూట గంట తనే కొడతానన్న చర్చి పెద్ద రాజరత్నం చేతిలో ఆ తాడు తెగింది. ఆయన ఈమెకు సొంత తమ్ముడు. సూటుతో సహా వెల్లకిలా పడ్డాడు.

"ఈ తూరి పూత రాలి పిందెలు పట్టినాకనే కోస్తా. ఇంకా పదైదు దినాలు. ఈ తాడు గూడా తెగితే నైలాన్ తెస్తారంట. నా చేతికింక పనుండదు."

అంతలో స్కూటర్ మీద రాజరత్నమే వచ్చాడు, వెనక కొడవలితో మారప్ప.

"అక్కా, ఆదివారమే కోతపండగ. ఈ పొద్దే కోసెయ్యాల."

"నెలలు నిండకుండానే కాన్పు చేయమంటావా?"

"పాస్టరుకు ఏం సెప్పేది?"

"నీ నడుంనొప్పి ఇంకా తగ్గలేదని సెప్పు."

మారప్ప నవ్వు ఆపుకోలేక దగ్గాడు.

"అయితే నైలానే తెస్తాం," అన్నాడు రాజరత్నం.

"తెచ్చుకో. చేను మాత్రం నాది. మారప్పా, అది ఇట్లియ్యి."

మారప్ప కొడవలి ఇచ్చేశాడు. ఆమె దాన్ని చంకన పెట్టుకుని పూల మధ్యనుంచి నడిచింది. రాజరత్నం "అక్కా, అక్కా" అంటూనే ఉన్నాడు. రోడ్డు మీద బస్సు హారన్ మోగింది. "వెళ్ళొస్తానమ్మా" అని నేనూ అన్నాను. కాసేపటికి పూల మీద ఆమె తల కూడా కనబడలేదు.