సీటు మీద తువ్వాలు

నా చిన్నప్పుడు మా తాతయ్య గుమ్మానికి అడ్డంగా నిలబడి ఆసుపత్రి వద్దంటే వద్దన్న రోజున, పక్కింటి అక్క ఆయన్ను తప్పించుకుని లోపలికొచ్చి మా బాబాయి చొక్కా నిలువునా చింపేసింది. ఒళ్లంతా సబ్బుతో కడగమని నాయనమ్మను గదమాయించింది.

కారంపూడి దగ్గర మా పత్తి చేలో పొద్దుటినుంచీ గాలికి ఎదురు నిలబడి పురుగుమందు కొట్టి వచ్చాడు బాబాయి. చొక్కా మందుతో తడిసిపోయింది. మధ్యాహ్నానికి నోట చొంగ, ఆగని చెమట, కండలు అదరడం, కంటిపాపలు ఆవగింజలంత. తాతయ్య భయం వేరు. ఆసుపత్రికి పోతే మందు తాగాడంటారు, పోలీసులొస్తారు, కుదిరిన పెళ్లి చెడుతుంది. మజ్జిగ పట్టించి పడుకోబెడదామన్నాడు.

"తాగాడనే అనుకోనీయ్ తాతా. పెళ్లికొడుకు బతికుంటేగా పెళ్లి," అంది అక్క. ఆమె నరసరావుపేటలో నర్సు, సెలవు మీద వచ్చింది. జీపు ఆమే పిలిపించింది. చివరికి తాతయ్యా ఎక్కాడు, నన్ను ఒళ్లో పెట్టుకుని.

ఆసుపత్రిలో బాబాయికి మళ్లీ మళ్లీ సూదులు వేస్తుంటే నాకు ఏడుపొచ్చింది. అక్క తాతయ్య భుజం మీది తువ్వాలు లాగి బెంచీ మీద పరిచింది.

"బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసిన సీట్లో ఇంకెవరన్నా కూర్చుంటారటే?"

నరానికీ నరానికీ మధ్య సన్నటి సందు ఉంటుందట. ఒక నరం చివర వదిలిన రసాయనం ఆ సందు దాటి, అవతలి కణం మీదున్న సీట్లో కూర్చుంటేనే కబురు అందినట్టు. పని కాగానే దాన్ని దింపేసే కండక్టరు ఒకడుంటాడు. పురుగుమందు ఆ కండక్టరు చేతులు కట్టేసింది. దింపేవాడు లేక కబురు మీద కబురు, అందుకే ఆ చొంగ, ఆ చెమట. సూదిమందు తువ్వాలులా సీటు పట్టేస్తుంది. తాను కబురు చెప్పదు, రసాయనాన్ని కూర్చోనివ్వదు. కాసేపటికి జారిపోతుంది కాబట్టి మళ్లీ వేయాలి.

"తువ్వాలు తీసేసి కూర్చుంటే?" అన్నాను.

"పల్నాడులోనా? ఎవడికే అంత ధైర్యం?"

తాతయ్య తల తిప్పుకున్నాడు. నవ్వాడో, కళ్లు తుడుచుకున్నాడో చూడలేదు.

మూడోనాడు బాబాయి లేచి కూర్చుని అన్నం అడిగాడు. ఆ సంబంధం మాత్రం తప్పిపోయింది.

ఇప్పుడు నాకు అరవై దగ్గర పడుతోంది. మందు కొట్టే రోజుల్లో చేల నుంచి వచ్చే డొంక మొదట్లో బకెట్టు నీళ్లు, సబ్బు పెట్టుకుని నిలబడతాను. తడిసిన చొక్కాతో వచ్చినవాడు అక్కడే విప్పాలి. ముసలిదానికి సిగ్గు లేదంటారు. అననీ. బాబాయి ఇంకా పొలం వెళ్తూనే ఉన్నాడు. ఆ రోజు ఆయన మందు తాగాడనే మా ఊళ్లో సగం మంది ఇప్పటికీ అంటారు.