విమానం నుంచి కారిన ఆముదం

"అది ఇంజన్ల నుంచి కారిన నూనె అత్తమ్మా, పిల్లకు తాపకుండ్రి!"

"ఏందే నీ ఫికర్? వాసన చూడు, ఆముదం గాదా? నా కొడుకులందరికీ తాపిన, ఒక్కడన్న సచ్చిండా?"

అవి నిజాం పాలన చివరి రోజులు. మొయినాబాద్ పక్కన మా చెలకలో ఒక పాతకాలపు చిన్న విమానం చెడిపోయి దిగింది. దాని ముక్కు చుట్టూ బండిచక్రం ఆకుల్లా సిలిండర్లున్నాయి. కింది సిలిండర్లలో నిలిచిన నూనె బొట్లుబొట్లుగా కారుతోంది. ఆ ఇంజనుకు ఆముదమే పోస్తామని నడిపేవాడు చెప్పాడు. చుక్క వృథా కానివ్వని అత్తమ్మ కింద చెంబు పట్టి, ఆ నూనెను ఇంటికి తెచ్చింది. ఇంట్లో నా పసిబిడ్డకు కడుపుబ్బి ఉంది.

నేను బిడ్డను ఇవ్వలేదు. "నమ్మవా? ఇగో, నేనే తాగుత" అని ఆమె చెంబెత్తి గటగటా తాగేసింది. అందులో పెట్రోలు కూడా కలిసిందని మాకెవరికీ తెలియదు. సాయంత్రానికి ఆమెకు వాంతులు పట్టుకున్నాయి.

మరునాడు పొద్దున బండి కట్టి అత్తమ్మను చేవెళ్ల దవాఖానకు తీసుకుపోతుంటే, దారిలోనే ప్రాణం పోయింది.