ముప్పావు నిమిషం

చల్లపల్లి నుంచి విజయవాడ వచ్చే బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన కాలవ లాకులు రాగానే ఫోనులో స్టాప్‌వాచ్ నొక్కారు. ఎందుకని అడిగాను. వంతెన దాకా ఎంతసేపు పడుతుందో చూస్తున్నానన్నారు. ఆయనకి ఒకప్పుడు పాత టర్బో స్పోర్ట్స్ కారు ఉండేదట.

“పెద్ద టర్బో వేయించానండి, ఎగ్జాస్ట్ మార్పించాను. పవర్ పెరిగిందని మెకానిక్ అన్నాడు గానీ నేను నమ్మలేదు. మార్చకముందూ మార్చాకా, తెల్లారుజామున రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, ఈ లాకుల నుంచి ఆ వంతెన దాకా నడిపి చూశాను. ముప్పావు నిమిషం కలిసొచ్చిందండి.”

ఆ మాట చెబుతున్నప్పుడు ఆయన మొహంలో సంతోషమేమీ లేదు.

ఇంతలో బస్సు ఆగింది. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, అంచున రాళ్లు పెట్టారు. మిగతా సగంలో లారీ ఎదురొచ్చింది. నాకు చిర్రెత్తుకొచ్చింది.

“రోడ్డంటే వీళ్ల కళ్లమనుకుంటారండీ. ఎవరి ప్రాణం మీదకొచ్చినా వీళ్లకి పట్టదు,” అన్నాను.

ఆయన వడ్లవైపు చూశారు.

“మా ఆవిడకి గుండెనొప్పొస్తే విజయవాడ ఆస్పత్రికని ఆ కార్లోనే బయల్దేరానండి. మిట్టమధ్యాహ్నం. ఇక్కడే, ఇలాగే ఇరుక్కుపోయాం. ముందు లారీ, వెనక బస్సు. నా చెయ్యి పట్టుకునే పోయింది.”

“ఆ వడ్లవాళ్లని ఏమీ అనలేదా మీరు?”

“ఎవర్ననమంటారండీ? ఆ రోజు ఇక్కడున్నవి మా వడ్లే. పొద్దున తనే దగ్గరుండి ఆరబోయించింది.”

లారీ తప్పుకుంది. మా బస్సు వంతెన దాటింది. ఆయన స్టాప్‌వాచ్ ఆపలేదు. విజయవాడలో దిగేటప్పుడు కూడా అది ఆయన చేతిలో నడుస్తూనే ఉంది.