సగం ఉప్పు ఆవకాయ

మొన్న అమీర్‌పేట మార్కెట్లో ఆవకాయకు మామిడికాయలు ముక్కలు కొట్టే అతను, ఏళ్ల తరబడి మా కాయలు కొడుతున్నవాడే, కత్తి ఆపి "సారు రాలేదా అమ్మా? మస్తు దినాలాయె చూసి" అన్నాడు. బాగున్నారన్నట్టు తలూపి, ముక్కలు సంచిలో వేయించుకుని మెట్రో స్తంభాల నీడన నడుచుకుంటూ ఇంటికి వచ్చేశాను. మాఘమాసంలో కన్నుమూసిన మా ఆయన్ని బాగున్నారని చెప్పి వచ్చాను చూడండి.

పంజాగుట్ట సందులో ఒక చిన్న లాబ్‌లో నేను కొత్తగా చేరినప్పుడు ఆయన నా సీనియరు. నేను గోదావరి పిల్లని, ఆయన ఇక్కడే పుట్టి పెరిగిన మనిషి, ఇద్దరికీ బాక్టీరియాతోనే పని. ఉప్పునీళ్లలో పడ్డ బాక్టీరియా ఎండిపోకుండా ముందు పొటాషియాన్ని లోపలికి లాక్కుని ఒంట్లో నీరు నిలుపుకుంటుందనీ, అదే జీవి మీద ఒక్కసారిగా మంచినీళ్లు పడితే నీరు లోపలికి దూసుకొచ్చి ఉబ్బిపోతుందనీ, అప్పుడు దాని పొరలోని సన్నని తలుపులు రెప్పపాటులో తెరుచుకుని దాచుకున్న లవణాలను బయటికి వదిలేస్తాయనీ, ఆ తలుపులు లేనివి పగిలి చస్తాయనీ నాకు విసుక్కోకుండా చెప్పింది ఆయనే. "ఉప్పు పట్టుకునుడు పెద్ద ముచ్చట గాదు, టైముకు విడిచిపెట్టుడు తెల్వాలె" అనేవారు. ఆ మాటతీరుకే పడిపోయానేమో, మా వాళ్లు మూతులు ముడుచుకున్నా ఆయన్నే చేసుకున్నాను.

అలాంటి మనిషికి చివరి ఏళ్లలో గుండె నీరసించి ఒంటికి నీరు పట్టింది. సాయంత్రానికి పాదాలు ఉబ్బి చెప్పులు పట్టేవి కావు, వేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోయేది. డాక్టరుగారు ఉప్పు బాగా తగ్గించమన్నారు. కంటికి కనబడని జీవి చేసుకోగలిగిన పని ఇంత మనిషి ఒళ్లు చేసుకోలేకపోతోందే అని నేను వంటింట్లో నిలబడి ఏడ్చేదాన్ని. ఆయనేమో మా అమ్మ నేర్పిన ఆవకాయ కోసం "జర ఎయ్యరాదు, ఏం గాదు" అని కంచం ముందుకు జరిపేవారు.

ఆ బతిమాలడం చూడలేక ఒక వేసవిలో సగం ఉప్పుతో ఆవకాయ పెట్టాను. ఉప్పు తగ్గితే జాడీలో ఏం పెరుగుతుందో నాకు తెలియక కాదు, ఇన్నేళ్లూ జీతం తీసుకున్నదే ఆ చదువుకి. నెల తిరక్కుండా తెల్లగా బూజు పట్టింది. ఆయన మూత తీసి చూసి "ఇద్దరం గీ పురుగుల పనోళ్లమే, మనింట్లనే గిట్లనా!" అని కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. ఆ తర్వాత ప్రతి వేసవికీ చిన్న జాడీతో అదే పెట్టాను, అది పాడయ్యేలోపు ఆయన ముద్దముద్దకీ కాస్త నంజుకుంటే అదే భాగ్యమనుకున్నాను.

ఇప్పుడా లాబ్ లేదు, ఆ సందులో బట్టల షోరూము వచ్చింది. మా వీధిలో ఆవకాయ పెట్టే ఇళ్లు కూడా తగ్గిపోయాయి, అందరూ సీసాలు కొనుక్కుంటున్నారు. మార్కెట్ నుంచి వచ్చి ముక్కలు తుడిచి, ఈ ఏడు ఎవరికీ పథ్యం లేదు కదా అని గిన్నె నిండా ఉప్పు కొలిచాను. కలపబోయేసరికి చెయ్యి సాగలేదు. సగం ఉప్పు మళ్లీ డబ్బాలో పోసేసి, మిగతాది కలిపి, చిన్న జాడీకే ఎత్తి గుడ్డ కట్టాను. ఆయన చెప్పిన పాఠాల్లో విడిచిపెట్టడం ఒక్కటే నాకు పట్టుబడలేదు. నెల తిరక్కుండా బూజు పడుతుందని తెలుసు, నవ్వడానికి ఆయన ఉండరనీ తెలుసు.